లోరీన్ పిస్తోలుకి దీపం

ఫిబ్రవరి 17, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటున్నాను. పదేపదే తలుచుకోవడంతో ఏది ముందో ఏది వెనకో మారిపోతోంది.

ఆదివారం, పన్నెండో తేదీ. ఆరున్నరకు లేచాం. లోరీన్ గుడ్లు వేయించింది. తను రెండు తింది, నేను ఒకటి. తర్వాత తోలు ఒర నడుముకి పెట్టుకుని, పిస్తోలు అందులో దించుకుని, పైన నీలం స్వెట్టరు వేసుకుంది. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం చేసే పనే. మా చర్చికి కాపలా ఉండేవాళ్లు నలుగురు. తూర్పు తలుపు పక్క కుర్చీ తనది. నేను మూడో వరుసలో, ఎప్పుడూ కూర్చునే చోటే. అంటే పదకొండేళ్లుగా చర్చిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చోలేదు. తను నా వెనక ఉండేది.

ఆరాధన పదకొండూ నలభైకి ముగిసింది. నేను లేచి ముందు వరుస వాళ్లతో మాట్లాడుతూ నిలబడ్డాను. ఎండుగడ్డి గురించి, వానల గురించి. పది నిమిషాలు. వెనక్కి తిరగలేదు. జనమంతా వెళ్లాక ఆర్డెల్ తలుపు వెయ్యబోయి తన భుజం తట్టాడు. కుర్చీలోనే ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. అందరూ తన ముందు నుంచే బయటికి వెళ్లారు. "వస్తాం లోరీన్" అని చెప్పి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారట.

మెదడులో రక్తనాళం చిట్లిందన్నాడు డాక్టరు. చివరి పాట పాడుతున్నప్పుడే ప్రాణం పోయుండొచ్చు అన్నాడు.

ఆర్డెల్ రిటైరైన పోలీసు, కాపలా వాళ్లకి పెద్ద. అంబులెన్సు వచ్చేలోగా తన నడుము నుంచి ఒరతో సహా పిస్తోలు తీసి, తూటాలు విడిగా తీసి, పిల్లల బైబిలు తరగతి గదిలో దొరికిన కాగితం సంచీలో వేసి నాకిచ్చాడు. సంచీ మీద ఎవరో పిల్ల రంగు పెన్సిలుతో గొర్రెను గీసింది. నాలుగు కాళ్లకి బదులు అయిదున్నాయి.

సంచీ ఫ్రిజ్ మీద పెట్టాను.

ఫిబ్రవరి 19, ఆదివారం

చర్చికి వెళ్లాను. మూడో వరుస. పాట మొదలవగానే లేచి బయటికొచ్చాను. కారు దీపాలు ఆర్పానో లేదో అనుమానం వచ్చింది. ఆర్పే ఉన్నాయి. ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 26, ఆదివారం

రెండో పాట దాకా ఉన్నాను.

మార్చి 5, ఆదివారం

వెళ్లలేదు. జలుబు.

మార్చి 7, మంగళవారం

అంత్యక్రియలప్పుడు జనం భోజనాలు తెచ్చిన గిన్నెలు పద్నాలుగు మిగిలాయి. అడుగున టేపు మీద పేర్లు రాసి ఉన్నాయి. వాటిని ఎవరివి వాళ్లకి ఇచ్చి రావాలి. కడిగినవి తొమ్మిది.

సాయంత్రం డ్వైట్ వచ్చాడు. లోరీన్ తమ్ముడు. ట్రాక్టర్లు అమ్ముతాడు. అమ్మనప్పుడు కూడా ట్రాక్టర్ అమ్ముతున్నట్టే మాట్లాడతాడు. ఒక గిన్నెలో మిగిలింది నిలబడే తినేసి అసలు సంగతికి వచ్చాడు.

"బావా, అక్క కుర్చీ ఖాళీగా ఉంది. నేను కూర్చుందామనుకుంటున్నా."

"నువ్వా? ప్రసంగం మొదలైతే గురక పెడతావు."

"పెడితే పెడతా, ఒక కన్ను తెరిచే ఉంటుందిలే. పోనీ నువ్వు కూర్చుంటావా? ముప్పై ఏళ్లు పిల్లలకి ఫిజిక్సు చెప్పినవాడివి, దొంగ వస్తే ఏం చేస్తావు, బోర్డు మీద బొమ్మ గీసి తరుముతావా?"

"కూర్చుంటాను" అన్నాను.

అలా అంటానని నాకూ తెలియదు. డ్వైట్ నమలడం ఆపి నా వంక చూశాడు.

వాడు వెళ్లాక ఆర్డెల్‌కి ఫోను చేశాను. మే నెల మూడో శనివారం పరీక్ష పెడతానన్నాడు. రెండు భాగాలు. ఒకటి కంకర గుంటలో, పగలు, యాభై తూటాలు. నలభై వలయంలో పడాలి. రెండోది చర్చి కింద గదిలో, దీపాలార్పి. దాని గురించి ముందుగా ఎవరికీ ఏమీ చెప్పడట. కుర్చీ ఒకటే, వచ్చేది మేమిద్దరం.

ఆ కుర్చీలో కూర్చుంటే నా వెనక గోడ ఉంటుంది.

మార్చి 11, శనివారం

సంచీ ఫ్రిజ్ మీంచి దించాను. పిస్తోలు శుభ్రంగానే ఉంది. తను ఎప్పుడూ శుభ్రంగానే ఉంచేది.

గురి చూడ్డానికి గొట్టం చివరుండే తెల్ల చుక్క నా కళ్లకి అలుక్కుపోయి కనిపిస్తోంది. ఎడమ కంటికి శుక్లం తీయించాను, కుడి కంటికి ఇంకా లేదు. తుపాకుల దుకాణానికి వెళ్లాను. దుకాణం లోయెల్‌ది. మా బళ్లోనే చదివాడు, వెనక బెంచీ.

"మీ వయసుకి లేజరు మంచిది మాస్టారూ" అన్నాడు. "గురి కోసం చుక్కలు కలుపుకునే బాధ ఉండదు. గోడ మీద వెలుగు ఎక్కడుంటే తూటా అక్కడికే."

"ఎర్రదా, ఆకుపచ్చదా?"

"ఎర్రది చవక. ఆకుపచ్చది ఎండలో కూడా కనిపిస్తుంది."

మనిషి కన్ను ఆకుపచ్చకే ఎక్కువ స్పందిస్తుంది. ఇది నేనే వీడికి చెప్పాను, వీడు నాకు తిరిగి అమ్ముతున్నాడు. ఆకుపచ్చది తీసుకున్నాను. ట్రిగ్గర్ ముందు, గొట్టం కింద బిగిస్తే బొటనవేలంత కూడా లేదు.

సమస్య తీరింది.

మార్చి 12, ఆదివారం

తూటాలు తీసేసి, పడకగది గోడకి గురిపెట్టి చూశాను. చుక్క నిలవడం లేదు. అన్నం పళ్లెమంత మేర తిరుగుతోంది. లేజరులో ఏదో లోపముంది.

చర్చికి టైము సరిపోలేదు.

మార్చి 13

బ్యాటరీ మార్చాను. లోపం అలాగే ఉంది.

మార్చి 14, మంగళవారం

లేజరు తిరిగి ఇచ్చేద్దామని తీసుకెళ్లాను. లోయెల్ పిస్తోలును బల్లకున్న ఇనప పట్టులో బిగించి బటన్ నొక్కాడు. ఎదుటి గోడ మీద చుక్క మేకు కొట్టినట్టు నిలబడింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"భోంచేసి ఎన్నాళ్లయింది మాస్టారూ?"

"నిన్న."

"అబద్ధాలాడితే ఆ చుక్కకి తెలిసిపోతుంది. కాఫీలు రోజుకెన్ని?"

"లెక్కపెట్టలేదు."

"మీరా? లెక్కపెట్టలేదా?"

వీడికి పదో తరగతిలో నేను వేసిన మార్కులు గుర్తున్నట్టున్నాయి. లేజరు తిరిగి ఇవ్వలేదు. లోపం దానిది కాదు.

మార్చి 18, శనివారం

డ్వైట్‌తో కంకర గుంటకి వెళ్లాను. వాడికి నలభై నాలుగు పడ్డాయి. నాకు ఇరవై రెండు. చుక్క లక్ష్యం మీదికి రాగానే నొక్కాలని చూస్తాను, నొక్కేలోపు అది దాటిపోతుంది. దాని వెంట పడతాను. తూటా ఇంకెక్కడికో పోతుంది.

"బావా, నీ చుక్క కూడా నీలాగే ఉంది" అన్నాడు డ్వైట్. "తరగతిలో బెంచీల మధ్య తిరుగుతూనే ఉంటుంది, ఒక్కచోట నిలబడదు."

వాడి పిస్తోలుకి లేజరూ దీపమూ రెండూ కలిపి ఉన్నాయి. దాన్ని పట్టుకుంటే చిన్న ట్రాక్టరు పట్టుకున్నట్టుంది.

ఇంటికొచ్చి లేజరు ఊడదీశాను.

మార్చి 21, మంగళవారం

ఆలోచించాను. పరీక్ష రెండో భాగం చీకట్లో. చీకట్లో కావలసింది గురి కాదు, వెలుతురు. ముందు చూడాలి, తర్వాతే ఏదైనా. లోయెల్‌తో ఈ మాటే అంటే "ఇదే కదా నేను మొదట చెప్పింది" అన్నాడు. మొదట వాడు చెప్పింది లేజరు.

గొట్టం కింద బిగించే దీపం తీసుకున్నాను. తెల్లటి వెలుగు, వీధి చివరిదాకా పోతుంది. ఒక్క చిక్కు. దీపం బిగించాక పిస్తోలు లోరీన్ తోలు ఒరలో పట్టడం లేదు. ఆ తోలు పదకొండేళ్లుగా ఆ ఒక్క ఆకారానికే అలవాటు పడింది. కొత్తగా ప్లాస్టిక్ ఒర కొన్నాను. తుంటికి గుచ్చుకుంటోంది. అలవాటవుతుంది.

తోలు ఒర తన సొరుగులో పెట్టాను.

మార్చి 24

దీపం బ్రహ్మాండం. తూటాలు తీసేసి ఇంట్లో అన్ని గదులూ తిరిగి చూశాను. సోఫా కింద తన చదువుకునే కళ్లద్దాలు దొరికాయి.

ఏప్రిల్ 2, ఆదివారం

అటక మీద ఎలుకలున్నాయేమోనని చూశాను. తూటాలు తీశాకే. ఎలుకలు లేవు. చర్చి టైము దాటిపోయింది.

ఏప్రిల్ 11

సామాన్ల గది మూలలో టమాటా డబ్బా కనపడక దీపంతో వెతికాను. డబ్బాల మీద తన రాత. తేదీలు వేసి పెట్టింది.

ఏప్రిల్ 16

కరెంటు మీటరు చూశాను, దీపంతో. పొదల్లో ఏదో కదిలితే అటు వేశాను. కుందేలు.

చేతికి బాగా అలవాటైంది. ఇంట్లో వేరే టార్చి అవసరమే లేదు. ఈ విషయంలో నేను గెలిచినట్టే.

ఏప్రిల్ 27, గురువారం

మూడూ నలభైకి సుడిగాలి సైరను. శనివారం మధ్యాహ్నం మోగే పరీక్ష సైరను కాదు, నిజమైనది. నైరుతి ఆకాశం కుళ్లిన గుడ్డులా ఆకుపచ్చగా ఉంది. నడుముకి పిస్తోలు ఉంది. పెరట్లో నేలమాళిగకి నడిచాను. దాని తలుపు సగం తెరిచి ఉంది. గాలికి తెరుచుకుందనుకున్నాను.

ఆరు మెట్లు దిగి తలుపు లాగేశాను. కటిక చీకటి. మూల బట్ట రాపిడి చప్పుడు. ఏదో కదిలింది. పిస్తోలు తీసి దీపం నొక్కాను.

వెలుగులో ఎదురింటి జెరాల్డీన్. బల్ల మీద కూర్చుని, ఒక చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని. ఒళ్లో దిండు గలీబు, అందులో ఏదో గింజుకుంటోంది. దీపం ఎటుంటే గొట్టం అటే. దీపం ఆమె గుండెల మీద ఉంది.

నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. పక్కన ఉంది. పక్కన ఉందని ఇప్పుడు రాస్తున్నాను. నాకు గుర్తులేదు.

"ఎవరు?" అన్నాను. అడగాల్సింది అంతకుముందు.

"నేనే, జెరాల్డీన్‌ని. గలీబులో ఉన్నది మా పిల్లి. మా ఇద్దరిలో ముందు ఎవర్ని కాలుస్తారు మాస్టారూ?"

దీపం ఇంకా ఆమె మీదే ఉంది.

"కాస్త దించండి. దీపంతో నాకు పేచీ లేదు, దాని వెనకాల ఉన్నదాంతోనే."

దించాను. ఒరలో పెట్టాను. మళ్లీ చీకటి. నా దగ్గర వేరే దీపం లేదు. దీపం వెయ్యాలంటే పిస్తోలు మళ్లీ బయటికి తియ్యాలి. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పైన గాలి రైలు పోతున్నట్టు మోగుతోంది.

జెరాల్డీన్‌కి డెబ్భై నాలుగేళ్లు. రోడ్డుకి అవతల చక్రాల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అలాంటి ఇల్లు సుడిగాలికి ఆగదు. ఈ తలుపుకి ఎప్పుడూ తాళం ఉండదని, అడగకుండా వచ్చెయ్యమని లోరీన్ పదిహేనేళ్ల కిందటే చెప్పింది. ఆమె అలాగే వస్తోంది. ఈ చుట్టుపక్కల మాళిగలన్నింటికీ అదే పద్ధతి. నాకు తెలుసు. తెలిసే పిస్తోలు తీశాను.

ఆమె ఫోను తీసి, దాని దీపం పైకి వచ్చేలా నేల మీద పెట్టింది. సున్నం వేసిన కప్పుకి వెలుగు తగిలి గదంతా పరుచుకుంది. అలమారలు, సీసాలు, ఆమె మొహం, నా చేతులు. ఎక్కడా కళ్లకి గుచ్చుకోలేదు.

"లోరీన్ అయితే మెట్లు దిగుతూనే పేరు పెట్టి పిలిచేది" అంది జెరాల్డీన్. "తర్వాత టార్చి ఇలాగే పైకి నిలబెట్టేది."

నలభై నిమిషాలు ఉన్నాం. సుడిగాలి రెండు మైళ్లు ఉత్తరంగా పోయింది. ఎవరి కొట్టాం కప్పో ఎగిరిపోయింది, మనుషులకి ఏమీ కాలేదు.

ఆమెను ఇంటిదాకా దిగబెట్టాను. ఇంటికొచ్చి చూశాను. పిస్తోల్లో తూటాలు నిండుగా ఉన్నాయి. ఎప్పుడు నింపానో తెలియదు.

ఏప్రిల్ 28, శుక్రవారం

జెరాల్డీన్ చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె తెచ్చింది. తన కోసం తనే ఒక పళ్లెం పెట్టుకుని కూర్చుంది. కాబట్టి నేనూ తినాల్సి వచ్చింది. అంతా తిన్నాను.

"ఆర్డెల్‌కి చెప్తారా?" అని అడిగాను.

"నేనెందుకు చెప్తాను మాస్టారూ? మీరే చెప్తారు."

కాపలా వాళ్లకి ఒక నియమం ఉంది. అమాయకుడి మీదికి తుపాకీ తిప్పినవాడు తనే వచ్చి చెప్పుకోవాలి, ఏడాది పాటు పక్కకి తప్పుకోవాలి. ఏడాది అంటే ఆ కుర్చీలో డ్వైట్.

ఏప్రిల్ 29

చెప్పలేదు.

ఏప్రిల్ 30, ఆదివారం

చెప్పలేదు. చర్చికి వెళ్తే చెప్పాల్సి వస్తుంది.

మే 1, సోమవారం

దీపం ఊడదీశాను. పిస్తోలు తోలు ఒరలోకి చప్పుడు లేకుండా దిగింది.

చెప్పలేదు.

మే 2, మంగళవారం

చెప్పాను.

ఆర్డెల్ తన షెడ్డులో గడ్డికోత యంత్రం బ్లేడు సానపడుతున్నాడు. నేను చెబుతున్నంతసేపూ ఆకురాయి ఆపలేదు. చివర్లో ఆపాడు.

"తూటాలున్నాయా?"

"ఉన్నాయి."

"ఆమె కాకుండా ఇంకెవరైనా చూశారా?"

"పిల్లి."

నవ్వలేదు. బ్లేడు వెలుగులో తిప్పి చూసుకున్నాడు. "ఆ నియమం కాపలాలో ఉన్నవాళ్లకి మాస్టారూ. మీరింకా రాలేదు కాబట్టి మిమ్మల్ని తియ్యడానికి లేదు. మీరు చెప్పకుండా ఇంకెవరి ద్వారానో నాకు తెలిసుంటే చర్చి గుమ్మం కూడా ఎక్కనిచ్చేవాణ్ని కాదు. పరీక్షకి రండి. కానీ కింద గదిలో గొట్టం ఒక్కరి మీదికి తిరిగినా సరే, ఆ కుర్చీ మాట మళ్లీ నా దగ్గర ఎత్తొద్దు. ఏడాది కాదు, ఎప్పటికీ."

"సరే."

"ఇంకోటి. ఏం తగిలించారు దానికి?"

"దీపం. ఇప్పుడు లేదు."

"మా డిపార్టుమెంటులో కుర్రాళ్లకి కూడా అదే జబ్బు. చేతికి సుత్తి వస్తే తలుపు కూడా సుత్తితోనే కొడతారు."

తిరిగి వస్తుంటే కారు కిటికీలు దించుకుని నడిపాను. చాలా రోజులకి గాలి బాగుందనిపించింది.

మే 4, గురువారం

డ్వైట్ ఫోను. "బావా! పిల్లిని అరెస్టు చేశావట! బెయిల్ ఇచ్చావా లేదా?"

"నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, జెరాల్డీనే. ఆర్డెల్‌కి నువ్వు చెప్పేదాకా ఆగి, తర్వాత ఊరంతా చెప్పింది."

న్యాయమే.

మే 6, శనివారం

చేతిలో పట్టుకునే టార్చిలు మూడు తెచ్చాను. ఒకటి చాలా పెద్ద వెలుగు, ఒకటి మధ్యస్థం, ఒకటి బుజ్జిది. నేలమాళిగలో పగలే తలుపు వేసుకుని మూడూ పరీక్షించాను. గోడకి కాగితం అంటించి, దాని మీద అక్షరాలు ఎంత దూరం నుంచి చదవగలనో కొలిచి రాసుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లల చేత చేయించిన ప్రయోగమే.

పెద్దది తెల్ల గోడకి తగిలి తిరిగొచ్చి నా కళ్లనే మూసేస్తోంది. బుజ్జిదాన్ని కప్పుకి కొడితే మూలలు అందడం లేదు. మధ్యది, వెడల్పుగా పరుచుకునేది, కప్పుకి కొడితే గదంతా ఒకే వెలుగు. నీడలు మెత్తగా ఉన్నాయి. ఎవరి చేతుల్లో ఏముందో కనిపిస్తుంది. వెలుగు నా దగ్గర్నుంచి వస్తున్నట్టు కాక పైనుంచి పడుతున్నట్టుంటుంది. దుకాణాలవాళ్లు వెలుగు ఎంతో చెబుతారు, ఎటు తిప్పాలో చెప్పరు.

మధ్యదే. వెనక బటన్ నొక్కితే వెలుగు, వదిలితే చీకటి. ఎడమ చేతిలో. కుడి చెయ్యి ఖాళీ.

ఇప్పుడు నిజంగా తీరింది.

మే 9

లేజరు మళ్లీ బిగించి, తూటాలు తీసి, రెండుసార్లు చూసి, గోడకి గురిపెట్టాను. చుక్క నాణెమంత మేరలోనే ఉంది. కాఫీ రోజుకి రెండు. రాత్రి భోజనం జెరాల్డీన్‌తో, ఒకరోజు వాళ్లింట్లో, ఒకరోజు మా ఇంట్లో. పిల్లి నన్ను క్షమించలేదు.

లేజరు ఉపయోగం ఇప్పుడు తెలిసింది. గురికి కాదు, నా సంగతి నాకు చెప్పడానికి. చూసుకుని ఊడదీశాను.

మే 13, శనివారం

కంకర గుంట. చుక్కలు లేవు, దీపాలు లేవు. గొట్టం చివర అలుక్కుపోయిన తెల్ల మచ్చ, దాన్ని అలాగే ఉండనిచ్చి మెల్లగా నొక్కడం. నలభై మూడు.

డ్వైట్ నోరెత్తలేదు. అదే పెద్ద బహుమతి.

మే 20, శనివారం

మొత్తం రాస్తాను.

పొద్దున తొమ్మిదికి గుంట దగ్గర. డ్వైట్ నలభై ఏడు. నేను నలభై ఆరు. ఇద్దరం గట్టెక్కాం. డ్వైట్ తన టోపీ తీసి నాకు వంగి దండం పెట్టాడు, "ఒక్కటి తక్కువ మాస్టారూ" అన్నాడు.

పదకొండుకి చర్చి. కింద గది కిటికీలకి నల్ల గుడ్డలు కట్టారు. అసలు పిస్తోళ్లన్నీ ఆర్డెల్ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మాకు నారింజ రంగు ప్లాస్టిక్ బొమ్మ పిస్తోళ్లు ఇచ్చాడు. పేలేవి కావు, బరువూ ఆకారమూ అవే. కావాలంటే మా దీపాలు వాటికి బిగించుకోవచ్చు.

"లోపల మనుషులున్నారు" అన్నాడు. "అట్టబొమ్మలు కాదు, మన చర్చి మనుషులే. ఒకడి దగ్గర ఆయుధం ఉంది. మిగతావాళ్ల దగ్గర లేదు. కరెంటు పోయింది, లోపల కేక వినిపించింది, మీరు తలుపు దగ్గరున్నారు. అంతే. గొట్టం ఎవరి మీదికి తిరిగిందో నేను మూల కూర్చుని లెక్క రాస్తాను."

ముందు డ్వైట్. బొమ్మ పిస్తోలుకి లేజరూ దీపమూ బిగించుకుని సినిమాలో లాగా భుజంతో తలుపు తోసుకుని వెళ్లాడు. బయట మెట్ల మీద నాకు కేకలు వినిపించాయి. "ఎవర్రా అక్కడ! చేతులెత్తండి!" ఒక ఆడమనిషి గట్టిగా "అయ్యో నా కళ్లు!" అంది. ఏదో కుర్చీ పడింది. రెండు నిమిషాల్లో వాడు బయటికి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఎంత?" అన్నాను.

"నలుగురు. పాస్టరు గారి భార్యని రెండుసార్లు. మొహం మీద చుక్కతో సహా." టోపీ తీసి చేతిలో తిప్పుతూ, "బావా, నాకు వాళ్లని చూడాలనే ఉంది, కాల్చాలని కాదు. కానీ చూడాలంటే అది వాళ్ల మీదికే తిరుగుతుంది కదా" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

తర్వాత నేను. బొమ్మ పిస్తోలు తోలు ఒరలో ఉంది. తియ్యలేదు. తలుపు చట్రం పక్కన గోడకి ఆనుకుని, ఎడమ చేత్తో టార్చి కప్పు వైపు పెట్టి నొక్కాను.

గదంతా లేచి నిలబడింది.

ఏడుగురు. మధ్య బల్ల దగ్గర ముగ్గురు, కిటికీ కింద ఇద్దరు, పొయ్యి పక్కన ఒకరు, పియానో వెనక ఒకరు. ఏడుగురిలో అయిదుగురు నా దగ్గర చదువుకున్నవాళ్లు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఏం చెయ్యాలో ఆలోచించలేదు. హాజరు పిలిచాను.

ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి, రెండు చేతులూ చూపించమని, చూశాక నా పక్కనుంచి బయటికి పొమ్మని చెప్పాను. పొయ్యి పక్కనున్నది జెరాల్డీన్. "ఉన్నానండీ" అని బడిపిల్లలా చెయ్యెత్తింది. నన్ను దాటుతూ "ఈసారి పిల్లిని తీసుకురాలేదు" అంది. ఆరుగురూ బయటికి వెళ్లారు. మిగిలింది పియానో వెనక టకర్. ఇప్పుడు కుళాయిలు బాగుచేస్తాడు, నలభై దాటాయి. ఎడమ చెయ్యి కనిపిస్తోంది, కుడిది లేదు.

"టకర్."

"సార్."

"కుడి చేతిలో ఏముంది?"

"ఏం లేదు సార్."

ఆ గొంతు నాకు తెలుసు. వీడు ఎనిమిదో తరగతిలో కూడా ఇలాగే చెప్పేవాడు. నేను గోడ చాటునే ఉన్నాను. కుడి చెయ్యి ఒర మీద ఉంది, తియ్యలేదు.

"బల్ల మీద పెట్టు."

పియానో మీద ఠక్కుమని చప్పుడైంది. బొమ్మ తుపాకీ. టకర్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

మూలనుంచి ఆర్డెల్ మండిపడ్డాడు. "ఒరేయ్ టకర్! నువ్వు దొంగవిరా! అడగ్గానే ఇచ్చెయ్యడమేంట్రా?"

"నేనేం చెయ్యను ఆర్డెల్ గారూ! ఆ గొంతు వింటే చెయ్యి దానంతటదే పెట్టేసింది. ఇంకాసేపుంటే హోంవర్కు కూడా ఇచ్చేసేవాణ్ని."

బయట మెట్ల మీద ఆరుగురూ నవ్వడం వినిపించింది. అందరికంటే గట్టిగా డ్వైట్.

ఆర్డెల్ దీపాలు వేసి, తన కాగితం నాకు చూపించాడు. నా పేరు కింద ఖాళీ. ఒక్క గీత కూడా లేదు. "నిజమైన దొంగయితే ఇలా పెట్టడు, అది గుర్తుంచుకోండి" అన్నాడు. "ఉంటుంది" అన్నాను. తర్వాత కాగితం మడుస్తూ, నా వంక చూడకుండా అన్నాడు: "ఈ గదిలో ఈ పరీక్ష చాలామందికి పెట్టాను మాస్టారూ. తుపాకీ తియ్యకుండా అందర్నీ బయటికి పంపినవాళ్లు ఇద్దరే."

ఆ రెండోవాళ్లెవరో నేను అడగలేదు. అడగక్కర్లేదని అతనికీ తెలుసు.

పైకి వచ్చాక డ్వైట్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కళ్లు తుడుచుకుని, తుడుచుకోనట్టు టోపీ సర్దుకున్నాడు.

"అక్క కుర్చీ నీదే బావా. మూడో వరుసలో నీ చోటు ఖాళీ అవుతుందిగా, అక్కడ నేను కూర్చుంటా. గురక వినపడితే వెనకనుంచి దీపం మాత్రం వెయ్యకు."

"కప్పుకి వేస్తాను."

"అదేలే."

మధ్యాహ్నం అందరం కిందే భోంచేశాం. మాంసం రొట్టెలు, బంగాళాదుంపలు, జెరాల్డీన్ చేసిన పీచ్ పండ్ల తీపి రొట్టె. టకర్ నా పళ్లెం నింపుతూనే ఉన్నాడు. పాస్టరు గారి భార్య ఇంకా కళ్లు నులుముకుంటూ డ్వైట్ కుర్చీని తన పక్కనుంచి దూరంగా జరిపించింది. నేను రెండుసార్లు ఆ తీపి రొట్టె వడ్డించుకున్నాను. నవ్వాను కూడా. ఎవరో చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

రేపు ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్లి తూర్పు తలుపు గడియ తీస్తాను. వచ్చినవాళ్లందరినీ పేరు పెట్టి పలకరించి లోపలికి పంపుతాను. తర్వాత ఆ కుర్చీలో కూర్చుంటాను. చివరి పాట పూర్తయ్యేదాకా ఉంటాను.